సున్నా గంటలు

గాజు గొట్టంలో బిళ్ళ కరిగి నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి. విజయలక్ష్మి గొట్టాన్ని మీటరులో పెట్టి మూత వేసి, అంకె తేలేదాకా కొలను గట్టు మీద మోకాళ్ళపైనే కూర్చుంది. సున్నా పాయింటు నాలుగు. లేచి నీలం అట్ట పుస్తకంలో తేదీ, వేళ, క్లోరిన్, నీళ్ళ వేడి వరసగా గళ్ళలో రాసింది. చివరి గడిలో పొడి సంతకం పెట్టింది.

ఇరవై అయిదు మీటర్ల కొలనులో చిన్న అల కూడా లేదు. కరోనా వల్ల నవంబరు రెండున ప్రభుత్వం మూయించిన దగ్గర్నుంచి ఆ నీళ్ళలో ఒక్క మనిషి దిగలేదు. ఇప్పుడు మార్చి సగానికి వచ్చింది. మనుషులు దిగకపోయినా నీళ్ళకు చాకిరీ తప్పదు. మోటారు ఆగితే పాచి పడుతుంది. షవర్ల గొట్టాల్లో నీళ్ళు నిలిస్తే ఊపిరితిత్తులను పట్టే పురుగు పుడుతుంది. అందుకని మూడు రోజులకొకసారి ఆడవాళ్ళ వైపు ఇరవై, మగవాళ్ళ వైపు ఇరవై రెండు షవర్లను ఒక్కొక్కటి అయిదు నిమిషాల పాటు కాగే నీళ్ళతో వదలాలి. ఆ ఆవిరికి మాస్కు తడిసి ముఖానికి అతుక్కుపోయేది.

ఆ పని ఆమెది కాదు. ఆమె టికెట్ల కౌంటరు మనిషి. పైగా కాగితాల ప్రకారం ఆమె అసలు అక్కడ లేనే లేదు. హానోవర్‌కు రైల్లో నలభై నిమిషాల దూరంలో ఉన్న ఆ చిన్న పట్టణంలో ఈతకొలనును నడిపేది జిల్లా వాళ్ళ కంపెనీ. సొమ్ము సర్కారుదే, జీతాలు మాత్రం మునిసిపాలిటీ పట్టికలో ఉండవు. కొలను మూసిన రోజునే ఆ కంపెనీ ఆమెను కుర్త్సార్‌బైట్‌లో పెట్టింది. పని లేని కాలానికి జీతంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వం ఉద్యోగాల ఆఫీసు ద్వారా ఇచ్చే ఏర్పాటు అది. పక్క కౌంటరులో కూర్చునే ఫ్రావ్ షుల్టే పాతకాలపు మునిసిపల్ ఉద్యోగి గనక ఆమెకు నూటికి తొంభై అయిదు వంతులు ముడుతున్నాయి. ఆవిడ ఇంట్లోనే ఉంది. విజయలక్ష్మి రోజూ వస్తోంది. నెలాఖరు పట్టీలో విజయలక్ష్మి పేరుకు ఎదురుగా పని గంటలు: సున్నా.

"ఆంటీ, అయిపోయిందా?"

సుధీంద్ర గాజు తలుపు తోసుకుని వచ్చాడు. ఆ కొలనుకు అతనే మేనేజరు, జర్మన్లకు హెర్ మూర్తి. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఎప్పుడో నలభై అయిదేళ్ళ కిందట ఇంజనీరుగా వచ్చి స్థిరపడిన భాస్కరమూర్తిగారి కొడుకు. ఇక్కడే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. పని చెప్పేటప్పుడు తెలుగులో చెబుతాడు, లేదనేటప్పుడు జర్మన్‌లో అంటాడు. ఆ తేడా ఆమె ఎప్పుడో గమనించింది.

"మగవాళ్ళ వైపు షవర్లు మిగిలాయి బాబూ."

"అవి చేసేయండి. ఇంకోటి ఆంటీ, గురువారం మీరు రావద్దు. బుధవారం కూడా వద్దు. ఉద్యోగాల ఆఫీసు నుంచి మనుషులు వస్తారు. ఊరికే చెకింగ్." జేబులోంచి ఒక కవరు తీసి, ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించి, ఆమె చేతిలో పెట్టాడు. అక్కడి నుంచి మాట జర్మన్‌లోకి మారింది. ఆర్థిక పరిస్థితి దృష్ట్యా, దురదృష్టవశాత్తూ, మీ సేవలకు కృతజ్ఞతలతో. చివర్లో మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. "ఏమీ అనుకోకండి ఆంటీ."

అతను వెళ్ళాక ఆమె కవరు చింపింది. రెండేళ్ళ కాంట్రాక్టు మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది, పొడిగించబోము అని ఉంది. ఆ మాట ఆమెను అంతగా కదిలించలేదు. కాగితం పైన కుడివైపు మూలనున్న తేదీ దగ్గర మాత్రం ఆమె చూపు ఆగిపోయింది. ఫిబ్రవరి పన్నెండు.

ఫిబ్రవరి పదిహేనున బయట మంచు మోకాలి లోతున పడి బస్సులు ఆగిపోయాయి. ఆ రోజు సుధీంద్ర ఫోన్ చేసి, "గొట్టాలు గడ్డ కడితే మనందరి పనీ అయిపోతుంది ఆంటీ. మీరు ఎలాగైనా రండి. మీ పర్మనెంటు సంగతి నేను స్వయంగా మాట్లాడతా" అన్నాడు. ఆమె గంటన్నర నడిచి వచ్చింది. అప్పటికే ఈ కాగితం అతని సొరుగులో మూడు రోజులుగా ఉంది.

ఆమె కవరు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుంది. మగవాళ్ళ వైపు వెళ్ళి మొదటి షవరు తిప్పి, గడియారం చూసుకుని, అయిదు నిమిషాలు నిలబడింది. ఇరవై రెండూ చేసింది. ఒక్కటి కూడా వదల్లేదు.

ఇంట్లో వంటగది బల్లే శ్రావ్య బడి. పదకొండేళ్ళ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్క్రీన్‌లోకి చూస్తోంది. జనవరిలో విరిగిన కళ్ళజోడు కాడకు ఇంకా టేపే చుట్టి ఉంది. పొయ్యి దగ్గర వీరాంజనేయులు సీసా మూతతో నూనె కొలిచి బాణలిలో పోస్తున్నాడు. హానోవర్‌లో ఒక ఇండియన్ రెస్టారెంటులో వంటవాడు. చెయ్యి తిప్పితే గరిటెడు నూనె పడే మనిషి. రెస్టారెంటూ నవంబరులోనే మూతపడింది. అతనికీ కుర్త్సార్‌బైటే. అప్పట్నుంచి మూతతో కొలవడం నేర్చుకున్నాడు.

ఉత్తరం అతను రెండుసార్లు చదివాడు. "ముప్పై ఒకటికా? మరి మన టెర్మినో?"

టెర్మిన్ ఏప్రిల్ పద్నాలుగున. శాశ్వత నివాసం కోసం పెట్టుకున్న దరఖాస్తుకు ఏడాదిన్నర ఎదురుచూస్తే వీసా ఆఫీసులో కలవడానికి ఆ తారీకు దొరికింది. ఆరు నెలల జీతం కాగితాలు చూపాలి. సొంత సంపాదనతో బతుకుతున్నామని రుజువు కావాలి. చాలకపోతే సర్కారు సాయం అడగొచ్చు, కానీ అడిగిన మరుక్షణం ఆ దరఖాస్తు చెడుతుంది. ఆ సంగతి తెలిసే నాలుగు నెలలుగా ఎక్కడా చెయ్యి చాచలేదు.

"నేను పూర్తి పని చేశానండీ," అంది విజయలక్ష్మి. "కాగితాల్లో పూర్తి జీతం ఉండాల్సింది. ఆ గంటలు వాడు మింగాడు."

"వాళ్ళ నాన్న మూర్తిగారికి ఓ మాట చెప్పి చూద్దామా?"

"చెప్తే ఏమవుద్ది? అయ్యో అంటారు. వాళ్ళావిడ పులిహోర పంపుద్ది."

"అలాగనకు విజయా. ఈ ఇల్లు ఆయన పూచీ మీద వచ్చింది. మనోళ్ళ మీద మనమే..."

"మనోడని నమ్మబట్టే కదా నోరు మూసుకుని వెళ్ళాను? వేరేవాడు చెప్పుంటే మొదటి రోజే కాగితం చూపించమనేదాన్ని."

వీరాంజనేయులు పొయ్యి తగ్గించాడు. "మన పని అయ్యేదాకా ఆగు. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే నీ మీదకే వత్తాది. నెలనెలా ఆ సున్నా పట్టీ మీద సంతకం పెట్టింది నువ్వే."

ఆమె ఉత్తరం మడిచి కవరులో పెట్టింది. శ్రావ్య ఒక చెవి హెడ్‌ఫోన్ జరిపి, "మామా, ఎవరైనా చనిపోయారా?" అని జర్మన్‌లో అడిగింది. అమ్మను అక్కడి పిల్లల్లా మామా అనే పిలుస్తుంది.

"లేదు. నువ్వు లెక్కలు చెయ్యి."

మంగళవారం ఆమె పావుగంట ముందే వెళ్ళింది. వచ్చేటప్పుడు దారంతా ఒకే ఆలోచన. అది కోపం కాదు. కోపమైతే ఒక పూటలో చల్లారేది. ఇది పన్ను లోపలి నొప్పిలా కుదురుగా, ఒకే చోట కూర్చుని ఉంది. సుధీంద్ర ముఖం పాలిపోవాలి. అతను మాట కోసం తడుముకోవాలి. అది తను ఎదురుగా నిలబడి చూడాలి. అంతకు మించి ఆమెకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

నీలం అట్ట పుస్తకం గట్టు మీద విప్పి, నవంబరు మొదటి పేజీ నుంచి ఫోన్‌తో ఫోటోలు తీసింది. పేజీ కదలకుండా అంచు మీద క్లోరిన్ బిళ్ళల డబ్బా పెట్టింది. మొదటి రోజు సుధీంద్ర, "సంతకం గడిలో నా అక్షరాలు వేసేయండి ఆంటీ, ఎస్సూ ఎమ్మూ" అన్నాడు. ఆ ఒక్కరోజూ అలాగే వేసింది. రెండో రోజు చెయ్యి ఒప్పుకోలేదు. అప్పట్నుంచి ప్రతి గడిలోనూ తన పేరులో మొదటి అక్షరం, తెలుగులో 'వి' అని పెడుతూ వచ్చింది. అతను ఎన్నడూ పేజీ తిప్పి చూడలేదు. చూసినా గీత అనుకునేవాడు. లెక్క వేసుకుంది. తొంభై ఒక్క రోజులు.

పది గంటలకు సుధీంద్ర రెండు కప్పుల కాఫీతో వచ్చాడు. చంకలో కాగితం.

"మార్చి షీటు ఆంటీ. గురువారం లోపల కావాలి. ముందే పెట్టేయండి." ఆమె పేరు. గంటలు సున్నా. సంతకానికి చుక్కల గీత.

"కళ్ళజోడు తెచ్చుకోలేదు బాబూ. ఏమీ కనబడదు. శుక్రవారం పెడతాను."

"అలాగా." అతను ఒక్క క్షణం చిరాకు పడి, "సరే, పాతవి ఉన్నాయిలే," అని వెళ్ళిపోయాడు.

విజయలక్ష్మికి కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. రెండేళ్ళుగా అతను ఆమె ముఖం సరిగ్గా చూడలేదు.

బుధవారం ఇంట్లో కూర్చుని జర్మన్‌లో చెప్పాల్సిన వాక్యాలు కాగితం మీద రాసుకుంది. శ్రావ్య తప్పులు దిద్దింది. "ఇది ఎవరికి మామా?" అంటే, "ఉద్యోగాల ఆఫీసు వాళ్ళకి" అంది. వీరాంజనేయులు పెందలాడే అన్నం పెట్టి, ఆమె కంచంలో రెండు గుడ్లు వేశాడు. అది అతని ఒప్పుదల అని ఆమెకు అర్థమయింది.

గురువారం ఉదయం యూనిఫారం చొక్కా ఇస్త్రీ చేసి వేసుకుంది. జేబుకు పేరు బిళ్ళ తగిలించుకుంది. తన తాళంతో తలుపు తీసి, కౌంటరు అద్దం తుడిచి, స్టూలు మీద కూర్చుంది. నాలుగున్నర నెలల తర్వాత తన చోట కూర్చోవడం అదే మొదలు.

తొమ్మిదింటికి ఉద్యోగాల ఆఫీసు వాళ్ళు ఇద్దరు వచ్చారు. ముందు నడిచే ఆవిడ పేరు ఫ్రావ్ బేరెన్స్, యాభై దాటిన మనిషి, భుజాన బరువైన తోలుసంచి. వెనక ఒక కుర్ర ఉద్యోగి. వాళ్ళతోపాటు బూడిదరంగు కోటులో కంపెనీ డైరెక్టరు హెర్ ల్యూడర్స్. ఆఖర్న సుధీంద్ర. కౌంటరు వెనక ఆమెను చూడగానే అతని అడుగు ఆగింది.

"ఇక్కడ ఎవరూ పని చెయ్యడం లేదన్నారు కదా," అంది ఫ్రావ్ బేరెన్స్.

"నేను చేస్తున్నాను," అంది విజయలక్ష్మి. "నవంబరు రెండు నుంచి రోజూ."

సుధీంద్ర ముందుకొచ్చాడు. ఆమె వైపు తిరిగి తెలుగులో, గొంతు తగ్గించి, "ఆంటీ, ఏం చేస్తున్నారు మీరు? మీరూ సంతకాలు పెట్టారు. ఇద్దరం పోతాం" అన్నాడు.

ఆమె జర్మన్‌లోనే జవాబిచ్చింది, అందరికీ వినబడేలా. "హెర్ మూర్తి నన్ను హెచ్చరిస్తున్నారు, సున్నా గంటల పట్టీ మీద నేను కూడా సంతకం పెట్టానని. నిజమే. పెట్టాను. నాలుగుసార్లు. ఆ సంగతీ రాసుకోండి."

ఫ్రావ్ బేరెన్స్ సంచి కింద పెట్టి నోటుబుక్ తీసింది.

సుధీంద్ర తేరుకున్నాడు. ఆవిడ అప్పుడప్పుడు ఏదో మరిచిపోయి వచ్చేదని, నీళ్ళు పరీక్షించింది తనేనని, పుస్తకంలో సంతకాలు తనవేనని చెప్పాడు. పుస్తకం తెప్పించారు. ఫ్రావ్ బేరెన్స్ ఒక పేజీ విప్పి, చివరి గడిలో గుండ్రంగా తిరిగి పైన మెలిక పడిన గుర్తు మీద వేలు పెట్టింది. "ఇది మీ సంతకమా?"

"నా పొడి సంతకం."

"అది అక్షరం," అంది విజయలక్ష్మి. "మా భాషలో. నా పేరు అక్కడే మొదలవుతుంది. హెర్ మూర్తి రాసిందే అయితే, అదేమిటో ఆయన్నే చదవమనండి."

సుధీంద్ర గడి వైపు చూశాడు. మాస్కు పైన అతని చెంపలు తెల్లబడ్డాయి. పెదవులు ఏదో మాట కోసం కదిలినట్టు గుడ్డ లోపలికి బయటికి ఆడింది. ఆమె చూసింది. రెప్ప వెయ్యకుండా, తనివితీరా చూసింది.

హెర్ ల్యూడర్స్ గొంతు సవరించుకున్నాడు. తనకు ఇది పిడుగుపాటని, కంపెనీకి ఏమీ తెలియదని, హెర్ మూర్తి ఈ క్షణం నుంచి విధుల్లో లేరని అన్నాడు. తాళాలు అక్కడే, ఆమె కళ్ళముందే తీసుకున్నాడు. సుధీంద్ర ఆ గుత్తిని కౌంటరు మీద పెట్టి తలవంచుకుని బయటికి నడిచాడు. ఫ్రావ్ బేరెన్స్ విజయలక్ష్మి తీసిన ఫోటోలన్నీ తన ఫోన్‌కు పంపించుకుని, కార్డు వెనక సోమవారం, పది గంటలు అని రాసి ఆమెకిచ్చింది. "వాంగ్మూలం ఇవ్వాలి. అనువాదకులు కావాలా?"

"అక్కర్లేదు."

ఆ సాయంత్రం ఇంటికొస్తూ ఆమె పిల్లకు కొత్త కళ్ళజోడు ఆర్డరు పెట్టింది. వీరాంజనేయులు మూత పక్కన పెట్టి నూనె పోశాడు. అన్నం తింటూ ఆమె ఆ తెల్లబడ్డ ముఖాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. ప్రతిసారీ రుచిగానే ఉంది.

శుక్రవారం హెర్ ల్యూడర్స్ తన ఆఫీసుకు పిలిపించాడు. కిటికీ తెరిచి ఉంచాడు. రెండు మీటర్ల దూరంలో కుర్చీ, బల్ల మీద కాఫీ, పక్కన రెండు కాగితాలు.

"మీకు అన్యాయం జరిగింది," అన్నాడు. "సరిదిద్దుతాం. జీతం కాగితాలు పూర్తి గంటలతో మళ్ళీ ఇస్తాం. అంతేకాదు." మొదటి కాగితం ఆమె వైపు జరిపాడు. ఏప్రిల్ ఒకటి నుంచి పర్మనెంటు ఉద్యోగం. జీతం పాతదానికంటే ఒక మెట్టు పైన.

ఆమె రెండో కాగితం వైపు చూసింది.

"అది లాంఛనం. పనికి రమ్మన్నది హెర్ మూర్తి ఒక్కరేనని, యాజమాన్యానికి తెలియదని. నిజమే కదా? మీకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు."

"చెప్పలేదు," అంది. అది నిజమే.

"మరింకేం."

కలం ఆమెకు దగ్గరగానే ఉంది. తీసుకోబోయి, రాతకోతల జర్మన్ తనకు నెమ్మదిగా గాని అర్థం కాదని, ఇంట్లో చదువుకుని సోమవారం ఇస్తానని చెప్పింది. అతను నవ్వి, తొందరేమీ లేదన్నాడు. తొందర ఉందని అతని వేళ్ళు చెప్పాయి. కాఫీ చెంచాను సాసరులో మూడుసార్లు అటూ ఇటూ మార్చాడు.

వీరాంజనేయులు ఆ కాగితం చూసి కుర్చీలో కూలబడ్డాడు. సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు. "పర్మనెంటు. ఇక మన టెర్మినుకు ఢోకా లేదు. పెట్టెయ్ విజయా. వాడి సంగతి వాడు చూసుకుంటాడు. నీ పగా తీరింది, మన పనీ అయింది."

"పెడతాను," అంది. కలం తీసింది. పిల్ల లెక్కల పుస్తకం పక్కకు జరిపి కాగితం పరుచుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ పూట సంతకం పెట్టలేదు.

శనివారం పొద్దున ఇంటి కింద చెత్త డబ్బాల దగ్గర సుధీంద్ర నిలబడి ఉన్నాడు. ఆమె కాగితాల డబ్బా మూత ఎత్తుతుండగా, "ఆంటీ" అన్నాడు. గడ్డం మాసింది. ఆమె మూత వదిలేసింది. అది ధడాలున పడింది.

"మీ నాన్నగారు పంపారా?"

"నాన్నకు ఇంకా చెప్పలేదు. క్షమించమని రాలేదు ఆంటీ. నేను చేసింది తప్పు. మీరు ఊరుకుంటారు అనుకున్నా. మన వాళ్ళు కదా, ఊరుకుంటారు అని. కానీ ఇది చూడండి." ఫోన్ చాపాడు.

ఆమె ముట్టుకోలేదు. "అక్కడ పెట్టు."

డబ్బా మూత మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. అది హెర్ ల్యూడర్స్ నవంబరులో రాసిన మెయిల్. టెక్నీషియన్లను పిలిస్తే ఖర్చు, కౌంటరు మనుషులతో చేయించు, కాగితం మీద సున్నా ఉండనీ. కింద జిల్లాలోని నాలుగు కొలనుల పేర్లు, ఒక్కో దాని పక్కన ఒక్కో ఆడమనిషి పేరూ, ఫోన్ నంబరూ. నాలుగో పేరు తనది. ఆమె వేలితో తెర పైకి జరిపింది. ఫిబ్రవరి పన్నెండున ఇంకో మెయిల్. విజయలక్ష్మి కాంట్రాక్టు పొడిగించడం లేదు, ఉత్తరం సంతకం చేసి పంపుతున్నాను, మార్చి సగం దాటేదాకా ఆమె చేతికి ఇవ్వకు, ముందే ఇస్తే షవర్ల పని ఆగిపోతుంది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. సోమవారం ఆ ఉత్తరంలో తేదీ చూసింది. తేదీ దగ్గరే చూపు ఆగింది. అడుగున సంతకం ఎవరిదో చూడనేలేదు.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"జూన్‌లో నన్ను డిప్యూటీ డైరెక్టర్ చేస్తా అన్నాడు."

"ఇది గురువారం ఎందుకు చూపించలేదు?"

"కాపాడతాడు అనుకున్నా. నిన్న ఉత్తరం వచ్చింది. మొత్తం నష్టానికి నా మీద కేసు వేస్తాడట."

పై అంతస్తు కిటికీలోంచి శ్రావ్య ఆన్‌లైన్ సంగీతం పాఠం వినబడుతోంది. విజయలక్ష్మి అతని వైపు చూసింది. జాలి కోసం వెతుక్కుంది. దొరకలేదు. దొరకనందుకు ఆశ్చర్యమూ కలగలేదు. లోపల ఆ కుదురైన నొప్పి అలాగే ఉంది. అయితే అది కొంచెం పక్కకు జరిగి, ఎక్కడ నొక్కితే పుడుతోందో ఇప్పుడు తెలిసింది.

"నేను నిన్ను క్షమించలేదు," అంది. "ఆ మంచులో గంటన్నర నడిచాను. నువ్వు ఫోన్ పెట్టేసి హాయిగా పడుకున్నావు. అది పోదు. నీకు రావలసింది వచ్చింది, ఇంకా రావలసింది ఉంటే అదీ పడు. సోమవారం పదింటికి నాతో రా. మెయిళ్ళన్నీ కాగితాల మీద తీసి తీసుకురా."

"నన్ను కూడా శిక్షిస్తారు ఆంటీ."

"శిక్షిస్తారు."

అతను తల ఊపాడు.

ఆమె మిగతా ముగ్గురి పేర్లూ నంబర్లూ తన ఫోన్‌లోకి ఎక్కించుకుని మెట్లెక్కింది. వంటగదిలో బల్ల మీద ఉద్యోగం కాగితం ఉల్లిపాయల గిన్నె కింద రెపరెపలాడుతోంది. వీరాంజనేయులుకు జరిగింది చెప్పింది. అతను విని, గిన్నె ఎత్తి ఆ కాగితం చేతిలోకి తీసుకుని, మెట్టు పైన జీతం అంకె మీద బొటనవేలు ఆనించి అలాగే ఉండిపోయాడు.

"పిచ్చిదానివి," అన్నాడు చివరికి. "జీతం కాగితాలు సరిచేస్తారా వాళ్ళు?"

"ఫోటోలు ఆ ఆఫీసావిడ దగ్గరున్నాయి. చెయ్యక తప్పదు. ఉద్యోగం మాత్రం పోద్ది."

"పోద్ది," అన్నాడు. కాగితం ఆమెకిచ్చి ఉల్లిపాయలు కొయ్యడానికి కూర్చున్నాడు. కాసేపటికి, "ఆళ్ళకి ఫోన్ చేత్తావా? ఆ మిగతా ముగ్గురికీ?" అని అడిగాడు.

ఆదివారమంతా ఫోన్లతోనే సరిపోయింది. ఒకావిడ మొదట పెట్టేసింది. రెండోసారి చేస్తే ఏడ్చింది. రెండో ఆవిడ తనకు ఎవరు ఫోన్ చేయించారని అనుమానించింది. విజయలక్ష్మి తన తొంభై ఒక్క రోజుల్లో కొన్ని పేజీలు పంపింది. అయిదు నిమిషాల్లో ఆవిడ దగ్గర్నుంచి అలాంటివే ఫోటోలు వచ్చాయి. ఆవిడా తీసి దాచుకుంది. మూడో ఆవిడ ఒక్కటే అడిగింది, ఎన్ని గంటలకని.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పుకోవచ్చు. సరిచేసిన జీతం కాగితాలు ఏప్రిల్ తొమ్మిదిన పోస్టులో వచ్చాయి. పద్నాలుగున టెర్మిన్‌లో గుమాస్తా ఆ కాగితాలు లెక్కపెట్టి, ఇప్పుడు ఉద్యోగం ఉందా అని అడిగితే, లేదని విజయలక్ష్మి చెప్పింది. అందుకని నివాసపత్రం ఆ రోజు రాలేదు. రెస్టారెంట్లు తెరిచి వీరాంజనేయులు పొయ్యి దగ్గరికి వెళ్ళిన రెండు నెలలకు, ఆగస్టులో వచ్చింది. జూలైలో హెర్ ల్యూడర్స్ మీద కేసు నమోదయింది. సుధీంద్ర మీద కూడా. భాస్కరమూర్తిగారు విజయలక్ష్మి ఇంటివాళ్ళతో మాట్లాడటం మానేశారు.

ఆ సోమవారం మాత్రం, పది గంటలకు, ఫ్రావ్ బేరెన్స్ గది తలుపు తీసి విజయలక్ష్మిని లోపలికి రమ్మంది. ఆమె వెనక సుధీంద్ర కాగితాల కట్టతో నిలబడి ఉన్నాడు.

"అనువాదకులు అక్కర్లేదన్నారు కదా?" అంది ఫ్రావ్ బేరెన్స్ అతన్ని చూసి.

"ఇతను నా తరఫున మాట్లాడటానికి రాలేదు. తన సంగతి తను చెప్పుకోవడానికి వచ్చాడు." విజయలక్ష్మి సంతకం చెయ్యని రెండు కాగితాలూ బల్ల మీద పెట్టింది. "ఇవి శుక్రవారం డైరెక్టరుగారు నాకిచ్చినవి. దేనికి బదులు ఏమిస్తానన్నారో అందులోనే ఉంది."

ఫ్రావ్ బేరెన్స్ ఒకటి చదివి, రెండోది చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది పెద్దదవుతుంది. సమయం పడుతుంది. మీకు నేను ఇచ్చింది ముప్పావుగంటే."

"సరిపోదండీ," అంది విజయలక్ష్మి. లేచి తలుపు పూర్తిగా తెరిచి పట్టుకుంది.

నడవాలో గోడ వారన, ఒకరికొకరు రెండు కుర్చీల దూరంలో, మాస్కుల్లో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ యూనిఫారం చొక్కాల్లోనే వచ్చారు. తలుపు తెరుచుకోవడం చూసి ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.